త్రీ షేరింగ్ గదిలో సూపర్‌కంప్యూటర్

హైదరాబాద్‌లో ఎల్బీనగర్‌కు నైరుతిలో, కర్మన్‌ఘాట్ అవతల ఉన్న కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ 1988లో అనురాగ్ అనే ప్రయోగశాలను నెలకొల్పింది. విమానం చుట్టూ గాలి ప్రవాహాన్ని లెక్కగట్టడానికి అక్కడ రూపొందిన పేస్ అనే యంత్రం ఒకే బలమైన ప్రాసెసర్‌ను నమ్ముకోలేదు. లెక్కను ముక్కలు చేసి అనేక ప్రాసెసర్లకు పంచి, ముక్కల అంచుల్లోని ఫలితాలను అవి ఒకదానికొకటి అందించుకునేలా చేసింది. ఇదే పద్ధతిని 1994లో నాసాకు చెందిన థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ బజారులో దొరికే విడిభాగాలతో, 16 ప్రాసెసర్లను ఈథర్‌నెట్‌తో కలిపి చూపించారు. నేడు క్లస్టర్ అంటున్నది దీన్నే. అందులోని ఒక్కో కంప్యూటర్‌ను నోడ్ అంటారు. ఎవరి పని ఎప్పుడు, ఏ నోడ్ల మీద నడవాలో వరుస కట్టి చూసే స్లర్మ్ వంటి సాఫ్ట్‌వేర్‌ను షెడ్యూలర్ అంటారు.

ప్రైవేట్ క్లౌడ్ పుట్టుక వేరు. ఒక సంస్థ తన సొంత సర్వర్లను హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్‌తో విభజించి, ఒక్కో భాగాన్ని విడి కంప్యూటర్‌లా, అంటే వర్చువల్ మెషిన్‌గా, అడిగినవారికి ఇచ్చే ఏర్పాటు అది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి సందుల్లో హాస్టళ్ల ముందు వేలాడే ‘టూ షేరింగ్, త్రీ షేరింగ్’ బోర్డులు చదివినవారికి దీని ఆర్థికసూత్రం కొత్తగా చెప్పనక్కర్లేదు. అందరూ ఒకేసారి గదిలో ఉండరన్న ధీమాతో ఉన్న చోటుకు మించి చేర్చుకోవడమే ఆ సూత్రం. నాసా, రాక్‌స్పేస్ కలిసి 2010లో మొదలుపెట్టిన ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో చాలాకాలం పాటు ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగమైన ఒక్క అసలు కోర్ మీద 16 వర్చువల్ కోర్ల దాకా కేటాయించడం డిఫాల్ట్‌గా ఉండేది.

వెబ్‌సైట్లకు సరిపోయే ఈ సర్దుబాటు భారీ గణనకు సరిపడదు. 64 కోర్లు ఒక లెక్కను పంచుకున్నాయనుకుంటే, ప్రతి అడుగు చివరా అవన్నీ ఒకచోట ఆగి ఫలితాలు మార్చుకున్నాకే తరువాతి అడుగు పడుతుంది. ఆ సమయంలో హైపర్‌వైజర్ ఒక్క కోర్‌ను కాసేపు మరో అద్దెదారుకు ఇచ్చిందంటే తక్కిన 63 కోర్లూ దానికోసం నిలబడిపోతాయి. విచిత్రమేమిటంటే నిలబడిన కోర్లు సాధారణంగా నూరు శాతం పనిలో ఉన్నట్టే కనిపిస్తాయి, ఎందుకంటే అవి నిద్రపోకుండా కబురు వచ్చిందా లేదా అని పదేపదే తడిమి చూస్తుంటాయి. దొంగ దొరికేది లైనక్స్‌లో టాప్ అనే కమాండ్ చూపే ‘ఎస్‌టీ’ అంకెలో. హైపర్‌వైజర్ ఎత్తుకుపోయిన కాలం శాతం అక్కడ పడుతుంది.

దీనికి మందులున్నాయి. ప్రతి వర్చువల్ కోర్‌ను ఒక అసలు కోర్‌కు కట్టేయడం, మెమరీని 4 కిలోబైట్ల చిన్న పేజీలకు బదులు 2 మెగాబైట్ల పెద్ద పేజీల్లో ఇవ్వడం, ఎస్ఆర్-ఐఓవీ అనే పద్ధతిలో నెట్‌వర్క్ కార్డును హైపర్‌వైజర్ ప్రమేయం లేకుండా నేరుగా అప్పగించడం వాటిలో ముఖ్యమైనవి. అయితే కార్డును అలా అప్పగించాక, నడుస్తున్న మెషిన్‌ను ఆపకుండా మరో సర్వర్‌కు తరలించే సౌకర్యం చాలావరకు చేజారుతుంది. మందులన్నీ వాడిన తర్వాత మిగిలేది సింగిల్ రూమే. షేరింగ్ వల్ల రావలసిన పొదుపు అప్పటికే పోయి ఉంటుంది.

అంతమాత్రాన ఈ ఏర్పాటు వృథా కాదు. ఒక పరిశోధక బృందానికి పాత లైనక్స్, మరొకరికి కొత్తది కావలసినప్పుడు నోడ్లను నిమిషాల్లో చెరిపి మళ్లీ నిలబెట్టవచ్చు. వందల జన్యుక్రమాలను దేనికది విడిగా పోల్చే పనుల్లో ముక్కల మధ్య మాటామంతీ ఉండదు కాబట్టి అవి వర్చువల్ మెషిన్ల మీద హాయిగా నడుస్తాయి. గాలి ప్రవాహం, వాతావరణం వంటి పెద్ద లెక్కలు మాత్రం ఐఐటీ హైదరాబాద్‌లోని 838 టెరాఫ్లాప్స్ వేగమున్న పరమ్ సేవ వంటి, ఈ పనికే కట్టిన యంత్రాలకు చెందినవి. కొత్త సర్వర్లకు టెండరు పిలవబోయే కళాశాల ముందుగా తన ప్రోగ్రామునే ఒకసారి వర్చువల్ మెషిన్‌లో, ఒకసారి నేరుగా సర్వర్ మీద నడిపి గడియారం చూసుకోవాలి.