బళ్లారిలో మనం ఎప్పటివాళ్లం?

హైదరాబాదులోనో విజయవాడలోనో పెళ్లికి వెళ్లి మాది బళ్లారి అనగానే ఒక ప్రశ్న వస్తుంది: ‘‘మీవాళ్లు అక్కడికి ఎప్పుడు వెళ్లారు?’’ బెంగళూరులో అదే ప్రశ్న తిరగేసి అడుగుతారు: ‘‘ఆంధ్రా నుంచి ఎప్పుడు వచ్చారు?’’ మనలో చాలా కుటుంబాలు ఎక్కడికీ వెళ్లలేదు, ఎక్కడి నుంచీ రాలేదు. ఈ సంగతి మన పిల్లలకే సరిగా తెలియడం లేదు కనుక, మొదటి నుంచి చెప్పుకోవడం మంచిది.

ఊరి మధ్య బండ గుట్ట మీద పై కోట హనుమప్ప నాయకుడిది, కింది కోట హైదర్ అలీది. ఎదురుగా కుంబార గుడ్డ ఇంకా ఎత్తుగా ఉందని చూసుకోలేదని కోట కట్టిన ఫ్రెంచి ఇంజినీరును హైదర్ ఉరి తీయించాడని కథ. నిజమెంతో గానీ, ఇక్కడ పెరిగినవాడు ఆ కథ వినకుండా ఉండడు. 1800లో నిజాం తన దగ్గరున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద ఈ ప్రాంతాన్ని కంపెనీకి వదిలేశాడు. అవే దత్త మండలాలు. థామస్ మన్రో ఏడేళ్లు వీటికి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా పనిచేశాడు. తర్వాత బళ్లారి మద్రాసు రాజధానిలో పెద్ద జిల్లా అయింది. 1882లో అనంతపురం విడిపోయేదాకా ధర్మవరం, తాడిపత్రి, పెనుకొండ కూడా బళ్లారి జిల్లాలోవే.

దీనివల్ల ఊరికి ఒక స్వభావం అబ్బింది. జిల్లా కోర్టు ఇక్కడే ఉండేది కాబట్టి అటు తెలుగు పల్లెల వాళ్లు, ఇటు కన్నడ పల్లెల వాళ్లు ఒకే వకీలు గడప తొక్కేవారు. వకీలుకు రెండు భాషలూ రాక తప్పదు. ఆ వకీళ్లే సాయంత్రం నాటకాలు ఆడారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఇక్కడ సరస వినోదిని సభ పెట్టి ‘చిత్రనళీయం’, ‘విషాద సారంగధర’ వంటి నాటకాలు రాసి ఆడించారు. తెలుగువారు ఆయనను ఆంధ్ర నాటక పితామహుడు అన్నారు. ఆయనకు పోటీగా మరో వకీలు కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడిపారు. పోటీ అంటే మామూలు పోటీ కాదు, ఊరు రెండు జట్లుగా చీలి చూసేది. కోలాచలం వారిది పౌరాణికాల కంటే చరిత్ర మీద మోజు. హంపి పక్కనే ఉన్నవాడికి విజయనగర పతనం కంటే పెద్ద విషాదం ఏముంటుంది? ఆ నాటకంలో పఠాన్ రుస్తుం వేషంతోనే బళ్లారి రాఘవ పేరు మోగిపోయింది.

రాఘవ కూడా వకీలే, ధర్మవరం వారి మేనల్లుడు. 1880లో తాడిపత్రిలో పుట్టారు. అంటే అప్పటి లెక్కన బళ్లారి జిల్లాలోనే. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడింటిలోనూ వేషాలు కట్టారు. ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టారు. 1946లో పోయారు. ఆయన పేరిట రాఘవ కళామందిరం ఊళ్లో ఇప్పటికీ ఉంది.

ఆయన పోయిన ఏడేళ్లకు గీత పడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేటప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్లారి తాలూకా ఎవరిదో తేల్చడానికి జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రాను నియమించారు. ఆయన మైసూరుకే అన్నారు. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం, ముఖ్యంగా తుంగభద్ర ప్రాజెక్టును దృష్టిలో పెట్టుకుని, ఆంధ్రకు ఇవ్వమంది. కేంద్రం ఒప్పుకోలేదు. మన పెద్దలు ఆ మూడేళ్లలో రెండుసార్లు సామాను సర్దుకున్నంత పని చేశారు, మనసులో. గుంతకల్లులో అక్క, బళ్లారిలో చెల్లెలు ఉన్న ఇళ్లకు ఇది పటం మీది సంగతి కాదు కదా.

తుంగభద్ర కాలువలు వచ్చాక కోస్తా రైతులు సిరుగుప్ప, గంగావతి వైపు వచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. వాళ్లు నిజంగా వచ్చినవాళ్లు, వచ్చి ఈ నేలను పండించినవాళ్లు. బయటివాళ్లు వాళ్లనూ మనల్నీ ఒకటే లెక్కలో వేస్తారు. నోరు విప్పితే తేడా తెలుస్తుంది: మన తెలుగు ‘యాడికి పోతివి’ అనే సీమ తెలుగు, అందులో సగం కన్నడం. పొద్దున బండి దగ్గర మనం ఉగ్గాని అంటాం, పక్కనున్నాయన ఒగ్గరణె అంటాడు, ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి బొరుగులు పెడతారు, మిరపకాయ బజ్జీ నంజుకుంటారు.

మాట్లాడటానికి లోటు లేదు. చదవడమే పోతోంది. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయమని రాష్ట్రాలకు చెబుతోంది. బడి మొత్తంలో 40 మంది గానీ, తరగతిలో 10 మంది గానీ ఆ భాష పిల్లలుంటే టీచరును ఇవ్వాలని 1949లోనే విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. అయితే ఆ పదిమందిని చూపించాల్సింది మనమే. మన పిల్లలను మనమే ఇంగ్లీషు మీడియంలో, రెండో భాషగా కన్నడంతో చేర్చి, తెలుగు తరగతి మూతపడిందని సర్కారును తిట్టడం న్యాయంగా లేదు. కన్నడం రావాల్సిందే, అందులో వాదన లేదు. దాని పక్కన అక్షరమాల నేర్పడానికి ఇంట్లో రోజుకు అరగంట దొరకదా?

ఇది వట్టి భాషాభిమానం కూడా కాదు. మన ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున మద్రాసు కాలపు స్టాంపు కాగితాలున్నాయి. పొలం హద్దులు, బావిలో వంతు, దారి హక్కు అన్నీ గొలుసుకట్టు తెలుగు రాతలో. అన్నదమ్ముల పంపకాల వేళ వాటిని బయటికి తీసి, చదవగలిగిన ముసలాయన కోసం వీధి వీధి తిరుగుతున్నాం. ఆ ముసలాయనకు ఎనభై దాటాయి, చూపు ఆనడం లేదు.