జీతాలు ఇద్దరివి, చాకిరీ ఒక్కరిది

మంగళగిరి నేతవారి ఇళ్ళలో భార్యాభర్తలిద్దరూ పనిచేయడం కొత్త సంగతి కాదు. భర్త గుంట మగ్గంలో కూర్చుని నేస్తే, భార్య రాట్నం ముందు కండెలు చుడుతుంది. కూలి లెక్కలో ఆమె శ్రమ విడిగా కనిపించదు, అది వేరే అన్యాయం. కాని పని ఇంట్లోనే కనుక బిడ్డ కళ్ళెదుటే ఉంటాడు. అన్నం వార్చి మళ్ళీ రాట్నం దగ్గరికి రావచ్చు.

ఇప్పుడు పని గడప దాటింది. సచివాలయం 2016లో పక్కనే వెలగపూడికి వచ్చింది. మంగళగిరి ఎయిమ్స్ 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితమయింది. భర్త గుమాస్తా, భార్య నర్సు అనుకుందాం. రాత్రి డ్యూటీ ముగించుకుని ఆమె ఇల్లు చేరేసరికి అందరూ టీ కోసం ఆమె ముఖమే చూస్తారు.

"ఉద్యోగం మానిపిస్తే సరి" అంటారు కొందరు పెద్దలు. ఆ జీతంతో తీరే వాయిదాల మాట మాత్రం ఎత్తరు! నిజానికి షరీఅత్ ప్రకారం కుటుంబ పోషణ (నఫఖా) భర్త బాధ్యత. స్త్రీ సంపాదనలో ఆమె హక్కును నిసా సూరా 32వ ఆయతు గుర్తించింది. హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) భార్య జైనబ్ (రజి), తన సొమ్ము భర్తపై ఖర్చు చేస్తే దానమవుతుందా అని అడిగించగా, రెండు పుణ్యాలు లభిస్తాయని దైవప్రవక్త (స) తెలియజేశారు. దానమన్నప్పుడు అది ఆమె ఇష్టపూర్వకంగా ఇచ్చేదే గాని, మనం వసూలు చేసుకునేది కాదు. ఆ జీతం అందుకుంటూ ఇంటి చాకిరీ అంతా ఆమెదే అనడం ఏ న్యాయం?

దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నంతసేపు ఇంటివారి పనుల్లో ఉండేవారనీ, నమాజు వేళకు బయలుదేరేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. చిన్న చిన్న సున్నతులు సైతం వెతికి పాటించే మన మగవారికి ఈ సున్నతు దగ్గర మాత్రం వంటింటి గడప అడ్డొస్తుంది.

చట్టమూ పూర్తిగా సాయపడటం లేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగినికి పిల్లల సంరక్షణకై సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు ఉంది. పురుషులలో ఒంటరి తండ్రికే ఆ సౌకర్యం. భార్య ఉన్న తండ్రికి కాన్పు సమయంలో 15 రోజులే.

బిడ్డకు పాలు మాన్పించడానికే తల్లిదండ్రుల పరస్పర అంగీకారం, సంప్రదింపు ఉండాలని బఖరా సూరా 233వ ఆయతు చెబుతోంది. అలాంటప్పుడు రాత్రి డ్యూటీ, బదిలీ, బిడ్డ జ్వరం వంటివి ఒక్కరే తేల్చుకునే విషయాలెలా అవుతాయి? డ్యూటీ పట్టిక చేతికి రాగానే ఇద్దరూ కూర్చుని ఏ పూట వంట ఎవరిదో, బడి నుంచి బిడ్డను ఎవరు తీసుకురావాలో అనుకోవాలి. ఆమె రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఉదయం టీ పెట్టవలసింది భర్తే.