చచ్చిన చేప ఏటికి ఎదురీదిన కథ

చచ్చిన చేప ఏటివాలునే పోతుంది. ఇందులో అనుమానించడానికేముంది అనిపిస్తుంది. కానీ 2006లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ), హార్వర్డ్ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగం వేరే మాట చెప్పింది. నీళ్లు పారే తొట్టిలో అడ్డంగా ఒక దిమ్మె నిలబెట్టారు. దాని వెనక, అప్పుడే చంపిన ట్రౌట్ చేపను దారానికి కట్టి వదిలారు. కాసేపటికి చేప ఒళ్లు లయగా ఊగడం మొదలైంది. దారం వదులైంది. చేప వాలుకు కొట్టుకుపోవడం మాని, దిమ్మె వైపు ఎదురు జరిగింది.

ప్రాణమే లేని చేపను ముందుకు తోసిందేమిటి? సుడులు.

వంతెన స్తంభం వెనక నీళ్లను గమనిస్తే కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చొప్పున వంతులవారీగా సుడులు పుట్టి సాగిపోతుంటాయి. 1911లో థియోడర్ వాన్ కార్మన్ వీటికి గణితం కట్టాడు. ప్రవాహం నుంచి లాక్కున్న శక్తి ఈ సుడుల్లో దాగి ఉంటుంది. మెత్తటి చేప ఒళ్లు ఆ లయకు సరిగ్గా ఊగితే అందులో కొంత తోపుగా మారుతుంది. బతికున్న ట్రౌట్ దీన్ని బాగానే వాడుకుంటుంది. 2003లో జేమ్స్ లియావో బృందం చేపల కండరాల్లో సన్నటి ఎలక్ట్రోడ్లు పెట్టి చూసింది. దిమ్మె వెనక ఈదేటప్పుడు తలవైపు కండరాలు కాస్త పనిచేస్తున్నాయి, మిగతావి దాదాపు విశ్రాంతిలో ఉన్నాయి.

అసలు ఈత రహస్యం కండబలంలో లేదేమోనన్న అనుమానం పాతదే. 1936లో కేంబ్రిడ్జ్ జంతుశాస్త్రజ్ఞుడు జేమ్స్ గ్రే ఒక లెక్క వేశాడు. ఓడ పక్కన డాల్ఫిన్ సెకనుకు పది మీటర్ల వేగంతో దూసుకుపోయిందని ఒక పరిశీలన ఉంది. నీటి నిరోధాన్ని తట్టుకుని అంత వేగం అందుకోవాలంటే దాని కండరాలకు ఉన్నదానికి ఏడింతల శక్తి కావాలని తేలింది. అయితే మర్మం చర్మంలో ఉండాలి అనుకున్నారు. 1950ల చివర్లో జర్మన్ ఇంజనీరు మాక్స్ క్రామర్ డాల్ఫిన్ చర్మం లాంటి రబ్బరు పూతలు కూడా తయారుచేశాడు.

గ్రే లెక్కలో చిక్కు వేరే చోట ఉంది. డాల్ఫిన్ ఆ వేగంతో పోయింది కొన్ని సెకన్లే. కండరాల శక్తికి ఆయన తీసుకున్నది మాత్రం నిమిషాల తరబడి శ్రమించేటప్పటి కొలత. అంటే వంద మీటర్ల పరుగును మారథాన్ బలంతో తూచాడన్నమాట! తర్వాత టిమోతీ వే అనే మెకానికల్ ఇంజనీరు, జీవశాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ ఫిష్‌తో కలిసి (చేపల శాస్త్రానికి ఇంతకన్నా తగిన ఇంటిపేరు దొరకదు) డాల్ఫిన్లను గాలిబుడగల తెర గుండా ఈదించాడు. బుడగల కదలికను కెమెరాతో పట్టి, తోక నీటిని ఎంత బలంగా నెడుతోందో లెక్కగట్టారు. కావలసినంత బలం దాని సొంత కండరాలకే ఉందని తేలింది. 2014లో వచ్చిన వారి పత్రంతో గ్రే చిక్కుముడి దాదాపు విడిపోయింది.

పొరపాటు లెక్కే అయినా, అది ఇంజనీర్లను చేప తోకవైపు చూసేలా చేసింది. ఎంఐటీలో మైఖేల్ త్రియాంతఫిల్లూ బృందం 1990ల మధ్యలో రోబోట్యూనా అనే యంత్ర చేపను తయారుచేసింది. నాలుగడుగుల పొడవు, ఆరు మోటార్లు, పైన లైక్రా తొడుగు. దాన్ని నీటి తొట్టిలో వేలాడదీసి ఈదించారు. స్తంభం వెనక సుడులు ప్రవాహాన్ని నెమ్మదింపజేస్తాయి. చేప తోక వదిలే సుడులు అందుకు సరిగ్గా ఎదురు దిశలో తిరుగుతాయి. వాటి నడుమ నుంచి నీరు వెనక్కి చిమ్ముతుంది, చేప ముందుకు పోతుంది.

తోకను ఎలా ఆడించాలో చెప్పే ఒక సంఖ్య ఉంది. తోక సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో, ఎంత వెడల్పున ఊగుతుందో గుణించి, ఈత వేగంతో భాగించాలి. సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే చేప పది సెంటీమీటర్ల వెడల్పున సెకనుకు మూడుసార్లు తోక ఊపితే వచ్చేది 0.3. దీన్ని స్ట్రౌహల్ సంఖ్య అంటారు. 1878లో గాలికి తీగలు మోగడాన్ని పరిశీలించిన చెక్ భౌతికశాస్త్రజ్ఞుడి పేరది. హాయిగా సాగే చేపలకే కాదు, డాల్ఫిన్లకు, పక్షులకు, గబ్బిలాలకు, కీటకాలకు కూడా ఇది సుమారు 0.2 నుంచి 0.4 మధ్యే ఉంటుందని 2003లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. ఇంజనీరుకు పొలుసులు, కళ్లు, రంగు అక్కర్లేదు. ఈ సంఖ్య చాలా వరకు పని నడుపుతుంది.

అలాగని ఓడల ప్రొపెల్లర్లకు రోజులు చెల్లాయనుకోనక్కర్లేదు. ఒకే వేగంతో తిన్నగా పోయే సరుకు ఓడకు మంచి ప్రొపెల్లరే మేలు. చటుక్కున మలుపు తిరగాల్సినప్పుడు, చప్పుడు లేకుండా కదలాల్సినప్పుడు తోకకు విలువ వస్తుంది. ఎంఐటీలోనే మరో బృందం 2018లో వెల్లడించిన సోఫీ అనే మెత్తటి యంత్ర చేప ఫిజీ దీవుల పగడపు దిబ్బల దగ్గర నిజమైన చేపల మధ్యే తిరిగింది. చిన్న పంపు తోకలోని రెండు గదుల్లోకి వంతులవారీగా నీళ్లు తోస్తే తోక ఊగుతుంది. దాన్ని నడిపింది గజ ఈతగాడి చేతిలోని వీడియో గేమ్ రిమోట్. ఒక్కో విడత దాదాపు నలభై నిమిషాల పాటు, 18 మీటర్ల లోతు వరకు అది ఈదగలిగింది.