కండెను ఆపే ఆకు

తెనాలి, బాపట్ల, రేపల్లె, ఎటు వెళ్ళినా పెరట్లో బిళ్ళగన్నేరు కనిపిస్తుంది. ఇసుక నేలల్లో నీళ్ళు పోసేవాళ్ళు లేకపోయినా పూస్తుంది. షుగరు తగ్గుతుందని పరగడుపున దాని ఆకు నమిలేవాళ్ళు మనలో ఇప్పటికీ ఉన్నారు. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ నమ్మకాన్నే జమైకా ఆకులతో పరీక్షించారు. ఎలుకల్లో చక్కెర పెద్దగా తగ్గలేదు కానీ తెల్ల కణాలు పడిపోయాయి. ఆ పరిశోధనలు విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ మందులకు దారితీశాయి. పిల్లల రక్త క్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్ ఈనాటికీ ముఖ్యమైన మందే.

తెల్ల కణాలే ఎందుకు పడిపోయాయి? అవి పుట్టే ఎముక మజ్జలో కణాలు ఎడతెగకుండా విభజన చెందుతుంటాయి కాబట్టి. విభజనలో మన 46 క్రోమోజోముల నకళ్ళను సరిసమానంగా రెండు వైపులకూ లాగేది కండె. దాని తంతువులు ట్యూబులిన్ అనే ప్రొటీన్‌తో అల్లుకున్న సూక్ష్మనాళికలు, ఒక్కొక్కటీ 25 నానోమీటర్ల మందం. అవి నిలకడగా ఉండవు. పెరుగుతూ పెరుగుతూ హఠాత్తుగా కూలిపోతాయి, మళ్ళీ పెరుగుతాయి. 1984లో మిచిసన్, కిర్ష్‌నర్ దీన్ని వెల్లడించారు. క్రోమోజోము ఎక్కడుందో నాళికకు ముందుగా తెలియదు. అందకపోతే కూలి, మరో దిక్కుకు పెరిగి వెతుక్కుంటుంది.

ఈ వెతుకులాటను నడిపేవి వేరే ప్రొటీన్లు. గామా ట్యూబులిన్ నాళికకు మొదలు వేస్తుంది. ఈజీ5 రెండు ధ్రువాలనూ ఎడంగా నెడుతుంది. తప్పుగా పడిన పట్టును ఆరోరా బి విడిపిస్తుంది. నన్ను అన్నిటికన్నా అబ్బురపరిచేది మ్యాడ్2. ఒక్క క్రోమోజోముకు నాళిక తగులుకోకపోయినా, తోటి ప్రొటీన్లతో కలిసి అది మొత్తం విభజననే ఆపి ఉంచుతుంది.

విన్‌క్రిస్టిన్ నాళిక కొనకు అంటుకుంటుంది. మోతాదు ఎక్కువైతే నాళికలు విడిపోతాయి. తక్కువైతే నాళిక ఉంటుంది, దాని చలనమే మందగిస్తుంది. చూడటానికి కండె ఉన్నట్టే ఉంటుంది, పని సాగదు. మ్యాడ్2 అడ్డు తొలగదు. అలా చిక్కుకున్న కణం చాలాసార్లు చచ్చిపోతుంది.

నరాల కణాలు విభజన చెందవు, అయినా దెబ్బ తింటాయి. వెన్ను నుంచి పాదం దాకా సాగే నరంలో సరుకు రవాణా ఈ నాళికల మీదే జరుగుతుంది. అందుకే ఈ మందు పడిన పిల్లలకు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, కొందరికి నడకలో పాదం లేవదు. డాక్టర్లు మిల్లీగ్రాముల్లో లెక్కగట్టి, సాధారణంగా 2 మిల్లీగ్రాములు మించకుండా ఇస్తారు. ఆకు నమిలేవాళ్ళకు అలాంటి లెక్క ఏదీ ఉండదు. షుగరుతో ఇప్పటికే పాదాలు మొద్దుబారినవాళ్ళు దాని జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను.

నరాలను వదిలి కండెనే పట్టాలని ఈజీ5ను, ఆరోరాలను ఆపే మందులు తయారుచేశారు. ప్రయోగశాలలో అంత బాగా పనిచేసినవి రోగుల్లో నిరాశపరిచాయి. కణితిలో ఏ క్షణాన చూసినా విభజనలో ఉన్న కణాలు కొద్దిగానే ఉండటం అందుకు ఒక కారణమని పరిశోధకుల అభిప్రాయం.