బోత్స్వానా

బోత్స్వానా ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగమున ఉన్న, సముద్రతీరము లేని దేశము. రాజధాని గాబరోన్. బ్రిటిషు పాలన నుండి 1966 సెప్టెంబరు 30న స్వాతంత్ర్యము పొందినది. వైశాల్యము సుమారు 5.8 లక్షల చ.కి.మీ., అనగా ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలు కలిసినదానికి రెట్టింపు పైగా. జనాభా మాత్రము 2022 జనగణన ప్రకారము 24 లక్షల లోపే.

అధికభాగము కలహారి ఎడారి. ఇక్కడి ఒకవాంగో నది కృష్ణానదివలె సముద్రమును చేరదు. ఎడారి ఇసుకలోనే డెల్టాగా విస్తరించి, ఇంకి ఆవిరైపోవును. వాన అంత అపురూపము కావుననే తమ ద్రవ్యమునకు 'పులా' (వాన) అని పేరు పెట్టుకొన్నారు.

స్వాతంత్ర్యము నాటికి ఇది మిక్కిలి పేద దేశము. 1967లో ఒరాపా వద్ద వజ్రాలు బయటపడినవి. ఆ ఆదాయముతో బడులు, ఆసుపత్రులు, రోడ్లు ఏర్పడినవి. కాని ప్రయోగశాలలలో తయారగు వజ్రాల పోటీ వలన గిరాకీ పడిపోయి 2024లో ఆర్థిక వ్యవస్థ క్షీణించినది. అదే సంవత్సరపు ఎన్నికలలో, 58 ఏళ్ళుగా పాలించిన పార్టీ ఓడిపోయి, దుమా బోకో అధ్యక్షుడైనాడు.