సిద్దిపేట బండ కింద చమురు ఉందా?

ఎండాకాలం వచ్చిందంటే దుబ్బాక, హుస్నాబాద్, గజ్వేల్ వైపు ఊరూరా బోరు బండ్ల మోతే. పడ్డ నీళ్ల మీద రంగురంగుల పొర తేలితే, ‘కింద పెట్రోలు ఉన్నట్టుంది’ అనేవాళ్లు ఒకరైనా ఉంటారు. షేల్ ఆయిల్ అమెరికా జాతకాన్ని మార్చిందని విన్నవాళ్లు, ఇంకో వెయ్యి అడుగులు దింపితే మనకూ దొరకదా అని అడుగుతారు. లేని చమురు మీద ఇంత ఆశ పెట్టుకునే మనం, కళ్లముందు డ్రముల్లో, ట్యాంకుల్లో ఉన్న ఇంధనాన్ని మాత్రం పట్టించుకోం. ప్రాణాలు పోతున్నది అక్కడే.

అపోహ: ఎక్కడైనా సరే, లోతుగా తవ్వితే చమురు పడుతుంది.

వాస్తవం: పడదు. సిద్దిపేట జిల్లా కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. దాని వయసు 250 కోట్ల ఏళ్ల పైమాటే. చమురు పుట్టాలంటే సముద్రంలోనో సరస్సులోనో చచ్చిన సూక్ష్మజీవులు ఒండ్రు కింద పూడిపోయి, లక్షల ఏళ్లు సుమారు 60 నుంచి 120 డిగ్రీల వేడిలో మగ్గాలి. మన బండకు ఆ చరిత్రే లేదు. ఆ చరిత్ర ఉన్నది కృష్ణా–గోదావరి బేసిన్‌కు. అందుకే ఓఎన్‌జీసీ రిగ్గులు కోనసీమలో, నరసాపురం వైపు కనిపిస్తాయి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి ఎగదన్ని 65 రోజులు మండిందీ అక్కడే.

మరి నీటి మీద ఆ పొర ఏమిటి? పుల్లతో కదిపి చూడండి. పెంకుల్లా ముక్కలై అలాగే విడిగా ఉండిపోతే అది ఇనుమును తిని బతికే బ్యాక్టీరియా పని. సుడి తిరిగి మళ్లీ కలిసిపోతే నూనె కావొచ్చు. అప్పుడైనా అనుమానించాల్సింది పాతాళాన్ని కాదు, మోటారు సీలునో, దగ్గర్లో కారుతున్న డీజిల్ ట్యాంకునో. ఆ నీళ్లు తాగడం ఆపి, పరీక్షకు పంపండి.

అపోహ: షేల్ ఆయిల్ అంటే భూమి లోపలి నూనె మడుగు.

వాస్తవం: షేల్ అంటే ఒండ్రు గట్టిపడి పొరలుపొరలుగా మారిన రాయి. చమురు దాని సన్నని రంధ్రాల్లో ఇరుక్కుని ఉంటుంది. రెండు మూడు కిలోమీటర్లు కిందికి దిగి, అక్కడి నుంచి పొర వెంట అడ్డంగా మళ్లి, ఇసుక, రసాయనాలు కలిపిన కోట్ల లీటర్ల నీటిని ఒత్తిడితో పంపి రాయిని పగలగొడితేనే అది కదులుతుంది. తొలి ఏడాదిలోనే ఉత్పత్తి సగానికి పైగా పడిపోవడం మామూలు. షేల్ అన్వేషణకు 2013లో కేంద్రం అనుమతిచ్చినా, చెప్పుకోదగ్గ వాణిజ్య ఉత్పత్తి మన దేశంలో ఇప్పటికీ లేదు.

బోర్లలో నీటి ఊట పెంచడానికి చేసే హైడ్రోఫ్రాక్చరింగ్‌ను చూసి ఇదీ అదేనని భయపడేవాళ్లున్నారు. భయం అక్కర్లేదు. ఇందులో రసాయనాలు ఉండవు, వాడేది మంచినీళ్లే. బండలో పూడుకుపోయిన పగుళ్లు తెరుచుకోవడమే దాని పని.

అపోహ: నిండు ట్యాంకుతోనే ప్రమాదం, ఖాళీ ట్యాంకుతో ఏం కాదు.

వాస్తవం: ఈ నమ్మకం మనుషుల్ని చంపుతుంది. మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. గాలిలో పెట్రోలు ఆవిరి ఒకటిన్నర శాతం ఉన్నా ఒక్క నిప్పురవ్వ చాలు. నిండు ట్యాంకులో ఆవిరికి చోటు తక్కువ. ఖాళీ డ్రములో ఆవిరి, గాలి రెండూ కలిసి ఉంటాయి. పాత డ్రమును గ్యాస్ కట్టర్‌తో కోసి కుడితి గోళెం చేయించుకునే అలవాటు మానాలి. నీళ్లతో ఒకసారి కడిగితే సరిపోదు. పగుళ్లలో, తుప్పు కింద దాగిన డీజిల్ మంట వేడికి మళ్లీ ఆవిరవుతుంది.

అపోహ: అంటుకోకపోతే ఆవిరితో ప్రమాదం లేదు, మహా అయితే తల తిరుగుతుంది.

వాస్తవం: అమెరికా చమురు క్షేత్రాల్లో 2010–2014 మధ్య తొమ్మిది మంది కార్మికులు ట్యాంకు మూత తీసి చమురు మట్టం కొలుస్తూనో, నమూనా తీస్తూనో చనిపోయారని అక్కడి ఆరోగ్య భద్రతా సంస్థ నియోష్ లెక్క తేల్చింది. వాళ్లు ట్యాంకులోకి దిగలేదు, పైన నిలబడి మూత తీశారంతే. లోపల ఒత్తిడితో ఉన్న ఆవిరి ఒక్కసారిగా ముఖాన కొట్టింది, ఊపిరి అందలేదు, గుండె లయ తప్పింది. చమురు బావి దగ్గర ట్యాంకుకూ మన బంకులో ట్యాంకుకూ ఆవిరి మోతాదులో చాలా తేడా ఉంటుంది. కానీ శుభ్రం చేయడానికి లోపలికి దిగేవాడికి ఆ తేడా అక్కరకు రాదు. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది అడుగునే పేరుకుంటుంది.

ఇక అడుగున చేరే నీళ్ల సంగతి. డీజిల్ మీద నీళ్లు తేలవు, కిందికి దిగుతాయి. ఆ రెండూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి జిగురు మడ్డి కడతాయి, ఇనుము తుప్పుపట్టి చిల్లులు పడుతుంది, ఫిల్టరు మూసుకుపోతుంది. డిప్ స్టిక్ కొనకు నీటిని పట్టే పేస్టు రాసి దింపితే నీళ్లున్న మేర రంగు మారుతుంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఇథనాల్ నీటిని పీల్చుకుని, మోతాదు మించాక పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది.

బంకు యజమానులకు, బోరు బండ్లవాళ్లకు, ట్యాంకర్ల డ్రైవరన్నలకు ఒక్క విన్నపం. గాలి పరీక్ష చేయకుండా, నడుముకు తాడు, పైన కాపలా మనిషి లేకుండా ఎవరినీ ట్యాంకులోకి దింపకండి. లోపల ఒకరు పడిపోతే వెనకే దూకకండి, కాపాడబోయిన రెండో మనిషి కూడా పోతాడు. వెంటనే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.