మీకు తెలుసా? చిత్తూరు పలకల పందెం

• అమెరికా రోడియోలో ఎద్దునెక్కినవాడు ఒంటిచేత్తో పట్టుకుని 8 సెకన్లు నిలవాలి. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెల్లో ఎద్దునెక్కే పనే లేదు. దాని కొమ్ములకు కట్టిన పలకను లాక్కోవాలి, అంతే!

• సంక్రాంతి రోజుల్లో ఇక్కడ జరిగే ఈ సంబరాన్ని జనం పశువుల పండగ అంటారు, జల్లికట్టు అనీ అంటారు. చంద్రగిరి దగ్గరి ఎ.రంగంపేటలో కనుమనాడు జరిగేది బాగా పేరుపడింది.

• పలకల మీద దేవుళ్లు, సినిమా హీరోలు, రాజకీయ నాయకుల బొమ్మలు కనిపిస్తాయి. పలకతోపాటు తువ్వాళ్లు, డబ్బు కూడా కడతారు. పలక ఎవరి చేతికి చిక్కితే వారిదే. ఎద్దు ఎవరికీ చిక్కకుండా దూసుకుపోతే ఆ ఘనత దాని యజమానిది.

• తమిళనాడు జల్లికట్టు తీరు వేరు. అక్కడ ఎద్దు మూపురాన్ని పట్టుకుని వేలాడాలి.

• 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును నిషేధించింది. దాన్ని అనుమతిస్తూ తమిళనాడు 2017లో చట్టాన్ని సవరించుకుంది. ఆ సవరణ చెల్లుతుందని 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది.

• చిత్తూరు పందెంలో ఎద్దులు పరుగెత్తే దారికి రెండువైపులా జనం కిక్కిరిసి నిలబడతారు. ఏటా దెబ్బలు తగిలేది పలక పట్టేవాళ్లకే కాదు, చూసేవాళ్లకూ. పండక్కి వెళితే మిద్దెమీది చోటే మేలు.